నువ్వు ఎక్కడ నిలబడ్డావు?



పోయిన వారం జపం గురించి రాసిన మాట చదివి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చినంక పద్మాసనం అంటే మోకాళ్లు వంగుత లేవు. నిలబడి చేసేది ఏమన్న ఉంటే చెప్పు" అన్నాడు. ఉంది. దాని పేరు తాడాసనం. అయితే దాని గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అది దాచిపెట్టి ఆసనం ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు. అందుకే ఈ వారం మాట కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకొని చదవండి.

నేను ఈ దేశం వచ్చింది 2004లో. షార్జాలో ఒక కంపెనీ క్యాంపు. రూముకు ఎనిమిది మందిమి, నాలుగు డబుల్ మంచాలు. నాది పైమంచం. పొద్దున నాలుగున్నరకు బస్సు. మా రూములో జగిత్యాల దిక్కు మేస్త్రి ఒకాయన ఉండేవాడు, అప్పటికే యాభై దాటినయి. అందరికంటే ముందు మూడున్నరకే లేచి, మొఖం కడుక్కొని, రెండు మంచాల నడుమ సందులో ఊరికే నిలబడేవాడు. చేతులు కిందికి వదిలి, కండ్లు సగం మూసి, అయిదు నిమిషాలు. ఆ తర్వాత అన్నం డబ్బా సర్దుకునేవాడు.

ఒకరోజు పైనుంచి తల బయటికి పెట్టి అడిగాను. "మేస్త్రీ, ఏం చేస్తున్నవ్?"

"నిలబడుతున్న."

నాకు నవ్వొచ్చింది. మన బతుకులో నిలబడటం కూడా ఒక సాధనేనా? బస్సు కోసం నిలబడతాం. హెడ్‌కౌంట్‌కు నిలబడతాం. బాత్రూం లైను, మెస్సు లైను, జీతం పడ్డ రోజు ఎక్స్‌చేంజ్ ముందు లైను, చుట్టీకి పోయేరోజు ఇమిగ్రేషన్ లైను. సైటు సంగతి సరే సరి. నాది రాడ్ కట్టే పని, పొద్దంతా వంగుడు, లేచుడు, నిలబడుడు. "దీనికి ఆసనం అని పేరెందుకు మేస్త్రీ, ఓవర్‌టైం అడుగుదాం పట్టు" అన్నాను. రూమంతా నవ్వింది.

ఆయన మాత్రం నవ్వలేదు. "అవన్నీ ఎవడో నిలబెడితే నిలబడేటివి. ఇది నేను నిలబడేది" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు పట్టలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. హెడ్‌కౌంట్‌లో నిలబడ్డప్పుడు నేను ఒక నంబర్‌ని. ఫోర్మన్ చూపు నా మీద ఉంటుంది, నా చూపు ఆయన చేతిలో ఉన్న కాగితం మీద ఉంటుంది. నా కాళ్లు నేల మీద ఉన్నాయన్న ఎరుక కూడా ఉండదు, నొప్పి పుడితే తప్ప. రోజుకు పన్నెండు గంటలు ఈ ఒళ్లు కంపెనీకి అమ్ముకున్నాం, ఇంకో మూడు గంటలు బస్సుకు పోతాయి. మిగిలిన దాంట్లో అయిదు నిమిషాలు ఎవరూ చెప్పకుండా, ఎవరూ లెక్కపెట్టకుండా నిలబడటం అంటే ఆ అయిదు నిమిషాలకు ఈ ఒళ్లు మళ్లీ నాది.

కొన్ని రోజులకు నేనూ దిగి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన నేర్పింది ఇది. రెండు పాదాలు దగ్గర పెట్టు. నడుము నొప్పి ఉన్నవాళ్లు బెత్తెడు దూరం పెట్టుకోవచ్చు. బరువు మడమల మీద ఎంతో ముందరి పాదం మీద అంత, ఎడమ మీద ఎంతో కుడి మీద అంత. మనలో చాలామందికి ఒక కాలు మీద ఒరిగి నిలబడే అలవాటు, బూట్లు తిరగేసి చూస్తే ఒక పక్క ఎక్కువ అరిగి ఉంటుంది. మోకాళ్లను వెనక్కి బిగపట్టొద్దు. ఇది ముఖ్యం. మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోనే ఆగిపోయి కళ్లు తిరుగుతాయి, కవాతులో జవాన్లు పడిపోయేది కూడా అందుకే. తొడలు కొంచెం పైకి లాగినట్టు, పొట్ట లోపలికి, ఛాతీ తెరిచి, భుజాలు ఒకసారి పైకెత్తి వెనక్కి తిప్పి వదిలెయ్యాలి. తల మీద సిమెంటు బస్తా ఉన్నట్టు కాదు, నడినెత్తి నుంచి ఎవరో దారంతో మెల్లగ పైకి లాగుతున్నట్టు. గడ్డం నేలకు సమంగా. చూపు ఎదురుగా. ఊపిరి ముక్కుతో, దాని ఇష్టం దానిది. అంతే.

తాడ అంటే కొండ అని కొందరు గురువులు చెప్తారు, తాడిచెట్టు అని కొందరు చెప్తారు. జూన్ 21 యోగా దినం నాడు చేయించే తాడాసనంలో వేళ్లు పెనవేసి చేతులు పైకెత్తి, మడమలు కూడా లేపుతారు. అది తాడిచెట్టు లెక్క. మేస్త్రి చెప్పింది చేతులు దించుకొని ఊరికే నిలబడేది, దీన్నే సమస్థితి అని కూడా అంటారు. నాకైతే రెండు అర్థాలూ ఇష్టమే. మాది ఆర్మూర్ దిక్కు. మా దగ్గర నవనాథ సిద్ధుల గుట్ట ఉంది, నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఆ గుట్ట కూడా కనపడేది, పొలం గట్ల మీద తాళ్లు కూడా కనపడేవి. కండ్లు సగం మూస్తే ఇప్పటికీ కనపడతాయి. అదే నా కష్టం. ఎందుకో చెప్తాను.

మూడో రోజో నాలుగో రోజో మేస్త్రి అడిగాడు. "ఎక్కడ నిలబడ్డవ్?"

కండ్లు మూసుకొనే మా ఊరి పేరు చెప్పాను.

"అది నీ మనసు ఉన్న జాగ. నీ కాళ్లు ఉన్న జాగ చెప్పు."

నోరు రాలేదు. షార్జా, లేబర్ క్యాంపు, ఫలానా నంబర్ రూము, బాత్రూం పక్క మంచాల నడుమ. చెప్పడానికి నాలుగు మాటలు. కానీ ఒప్పుకోవడానికి గొంతుకు ఏదో అడ్డం పడింది. అప్పుడు మేస్త్రి సంకల్పం గురించి చెప్పాడు. ఇంట్లో వ్రతం చేసినప్పుడు పంతులు మనతో ఏం చెప్పిస్తాడో గుర్తు తెచ్చుకోండి. కోరిక చివర వస్తుంది. ముందు వచ్చేది జాగ. ఏ ద్వీపం, ఏ ఖండం, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ. తర్వాత సంవత్సరం, ఋతువు, మాసం, తిథి, వారం. తర్వాత గోత్రం, పేరు. ఇదంతా అయ్యాకే నాకు ఇది కావాలి, నేను ఇది చేస్తాను అన్న మాట. సొంత ఇల్లు లేనివాళ్లు వసతి గృహే అని చెప్పుకోవాలని పూజ పుస్తకాల్లో బ్రాకెట్లో వేసి మరీ రాస్తారు. అంటే దేవుడి ముందు కూడా అద్దె ఇంటిని సొంత ఇల్లు అనొద్దు. ఎక్కడ నిలబడి అడుగుతున్నావో నిజం చెప్పి, ఆ తర్వాత అడుగు.

ఇది మన ఒక్కరి మాట కాదు. మా పక్క రూము భాయ్ నమాజుకు నిలబడే ముందు మనసులో నియ్యత్ చేసుకుంటాడు, ఏ నమాజు, ఎవరి కోసం అని. మన తెలంగాణలో నియత్ మంచిగ లేదు అని రోజూ అంటుంటాం కదా, ఆ మాటే. నిలబడటం, మనసు సరిచేసుకోవడం రెండూ ఒక దగ్గర పెట్టారు పెద్దలు, ఆ దిక్కూ ఈ దిక్కూ.

ఇప్పుడు నా తప్పు.

ఇక్కడికి వచ్చిన రెండేండ్లకు, ఒక శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకొని ఒక షాపింగ్ మాల్‌లో అద్దాల గది ముందు కుర్చీలో కూర్చొని ఫోటో దిగాను. ఊరికి పోయే దోస్తుతో ఇంటికి పంపించాను. స్టోర్‌కీపర్ పని దొరికిందని, ఏసీలో కూర్చునే పని అని అమ్మకు, అక్కకు ఫోన్లో చెప్పాను. ఎండలో రాడ్లు కట్టి చేతులు పగిలినయని చెప్తే అమ్మ అన్నం తింటదా? ఆ లెక్క చూసుకునే చెప్పాను. ఈ మెసేజ్ చదివేవాళ్లలో ఇట్లాంటి అబద్ధం చెప్పనివాళ్లు ఎంతమంది ఉన్నారో మీ మనసుకు తెలుసు. భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి లెక్క చెప్తాడు కదా, ఫలానా సందర్భాల్లో బొంకితే పాపం లేదని. ప్రాణం, మానం కాపాడుకోవడానికి అన్నది ఆ లెక్కలో ఉంది. నేనూ దాన్నే పట్టుకున్నాను. ఆ లెక్క గురువు నోటి నుంచి వచ్చినా బలి తీసుకోలేదన్న సంగతి మాత్రం మరిచిపోయాను.

ఆ ఫోటో మా అక్క ఇంట్లో గోడకు ఎక్కింది. మా మేనల్లుడు ఆ ఫోటో చూస్తూ పెరిగాడు. 2010లో, వానికి ఇరవై ఒకటో ఏడు, డిగ్రీ నడుమల ఆపేశాడు. బావ ఇరవై గుంటల భూమి అమ్మి ఏజెంటు చేతిలో పైసలు పెట్టాడు. నాకు చెప్పింది టికెట్ చేతికొచ్చినంక. "మామ ఉన్నడు గద, తనే చూసుకుంటడు" అని అక్క అన్నది. అప్పుడైనా ఫోన్లో నిజం చెప్పొచ్చు. ఒక్క నిమిషం పని. చెప్పలేదు. పైసలు ఎట్లనూ పోయినయి, వచ్చినంక నేనే చూసుకుంటాలే అనుకున్నాను.

వాన్ని వేరే కంపెనీ క్యాంపులో వేశారు. మొదటి శుక్రవారం నా రూముకు వచ్చాడు. పైమంచం చూశాడు, కొక్కేనికి వేలాడుతున్న నా కవరాల్ చూశాడు, తుప్పు మరకలు చూశాడు. "మామా, ఏసీల పని అంటివి గద" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నేను వాని ముందు నిలబడి ఉన్నాను. అన్నలారా, ఆ రోజు నిలబడ్డట్టు ఎప్పుడూ నిలబడలేదు. పాదాల కింద నేల ఉన్నట్టే అనిపించలేదు.

వాడు రెండేండ్లు షటరింగ్ పని చేసి, ఏజెంటుకు కట్టినంత కూడా మిగలకుండా తిరిగిపోయాడు. ఇంట్లో నా సంగతి చెప్పలేదు. నా పరువు వాడు కాపాడాడు. అది ఇంకా బరువు.

అమ్మకు మంచిగ తింటున్న అని చెప్పే అబద్ధానికీ, ఈ అబద్ధానికీ తేడా ఏంటని చాలా రోజులు తన్నుకులాడాను. రెండూ ప్రేమతోనే చెప్పినవి. చివరికి నాకు తోచింది ఇది. మంచిగ తింటున్న అన్న అబద్ధం బరువు నా ఒక్కని మీదనే ఉంది, ఆకలి నాది. స్టోర్‌కీపర్ అన్న అబద్ధం మీద ఇంకొకడు కాలు పెట్టి నిలబడ్డాడు. అది గట్టి నేల అనుకొని భూమి అమ్ముకొని వచ్చి దాని మీద అడుగేశాడు. ధర్మరాజు రథం నేలకు నాలుగు అంగుళాలు పైన నడిచేదని, అశ్వత్థామ పేరు మీద ఆ సగం అబద్ధం చెప్పగానే నేల మీదికి దిగిందని భారతంలో వింటాం. అది ధర్మరాజుకు పడ్డ శిక్ష అంటారు. నాకైతే వేరే సంగతి కనపడుతుంది. ఆ సగం మాటను నమ్మి ఆయుధం పక్కన పెట్టింది ద్రోణుడు. మాట చెప్పినవాని రథం నాలుగు అంగుళాలే దిగింది. నమ్మినవాని తల పోయింది. ఒప్పుకోనివాళ్లు ఉంటే మెసేజ్ పెట్టండి, మాట్లాడుకుందాం.

మేస్త్రి ఎప్పుడో ముల్కుకు పోయాడు. నేను నిలబడటం మానేశాను. సంకల్పం చెప్పాలంటే జాగ చెప్పాలి, జాగ చెప్పాలంటే ఫోటో గుర్తొస్తుంది. కల్లివల్లి అనుకొని వదిలేశాను. నడుము పోయి, రాడ్ పని మాని, ఈ క్యాంపులోనే వాచ్‌మన్ పనికి మారినంక, రాత్రులు టైము దొరికి గీత చదవడం మొదలుపెట్టాను. పదో తరగతి చదువుతో ఎంత అర్థమైతే అంత. అందులో నన్ను పట్టుకున్నది మొట్టమొదట్లోనే ఉంది. మొదటి అధ్యాయం చివర అర్జునుడు విల్లు వదిలేసి రథంలో కూలబడిపోతాడు. రెండో అధ్యాయం మొదలవుతూనే కృష్ణుడు ఆయనను లేవమంటాడు. పద్దెనిమిదో అధ్యాయం చివరికి వస్తే, సందేహం పోయింది, నిలబడి ఉన్నానంటాడు అర్జునుడు. నడుమ అంత ఉపదేశం. ఒక మనిషి కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడటానికి అంత మాట అవసరమైంది.

మళ్లీ పొద్దున నిలబడటం మొదలుపెట్టాను. డ్యూటీ దిగే ముందు, గేటు గదిలో. ఈసారి జాగ చెప్పుకున్నాను. వాచ్‌మన్ గది, లేబర్ క్యాంపు, ఇంకొకరి దేశం, ఇంకొకరి నేల. ఎంత నిలబడినా మనసు మాత్రం కుదురుకోలేదు.

మా నిజామాబాద్ జిల్లా బోధన్‌నే పాతకాలంలో పోదనపురం అనేవాళ్లంటారు, బాహుబలి ఏలిన ఊరు. శ్రావణబెళగొళలో 57 అడుగుల రాతి విగ్రహం ఉంది చూడండి, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడి ఉంటాడు, చూస్తే మన తాడాసనమే. జైనుల కథ ఏంటంటే, రాజ్యం కోసం అన్న భరతునితో పోరాడి గెలిచి కూడా, విరక్తి పుట్టి, అన్నీ వదిలి ఏడాది పాటు అట్లనే నిలబడిపోయాడు. కాళ్లకు తీగలు పాకినయి. పాముల పుట్టలు పెరిగినయి. అయినా జ్ఞానం రాలేదు. లోపల ఒక ముల్లు ఉండిపోయింది, నేను నిలబడ్డది అన్న నేల మీద కదా అని. కథను ఒక్కోచోట ఒక్కో తీరుగా చెప్తారు. ఒక తీరులో భరతుడే వచ్చి మొక్కినంక ఆ ముల్లు పోయింది.

ఏడాది నిలబడ్డా పోని ముల్లు, అన్న ఎదురుగా వస్తేనే పోయింది. యోగా వీడియోల్లో పది నిమిషాలు నిలబడితే అన్నీ పోతాయన్నట్టు చెప్తారు. నాకు నమ్మకం లేదు. నిలబడితే ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. తియ్యాలంటే ఆ మనిషి దగ్గరికి పోవాల్సిందే.

సంకల్పం గురించి ఇంకొక మాట. మొదట్లో నేను "అక్క కుటుంబానికి జరిగిన నష్టం తీరాలి" అని చెప్పుకునేవాణ్ని. మంచి మాటే. కానీ అది నా చేతిలో లేనిది. పని మీదనే నీకు అధికారం, ఫలం మీద లేదని గీత చెప్పింది అందరికీ తెలుసు, సంకల్పం దగ్గరికి వచ్చేసరికి అందరం ఫలమే కోరుకుంటాం. అప్పు తీరాలి, ఇల్లు లేవాలి, బిడ్డ పెండ్లి కావాలి. ఇవి కోరికలు. కోరుకోండి, తప్పు లేదు. కానీ నిలబడ్డప్పుడు చెప్పేది ఈ రోజు ఈ కాళ్లు, ఈ చేతులు చెయ్యగలిగింది అయి ఉండాలి. తర్వాత "అక్కకు చెప్తాను" అని మార్చాను. అది కూడా పెద్దదైంది, నెల రోజులు అట్లనే గడిచింది. ఆఖరికి "ఈ రోజు నంబర్ కొడతాను" దగ్గరికి తెచ్చుకున్నాను. అది చేతనైంది.

చేసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు గోడకు జానెడు దూరంలో నిలబడండి, తూలితే ఆసరా ఉంటుంది. డ్యూటీ దిగంగానే చెయ్యొద్దు, ముందు నీళ్లు తాగి కాళ్లు చాపి కూర్చోండి. ఎండాకాలం ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపుతారు కదా, ఆ టైము సాధనకు కాదు, నీడలో పడుకోవడానికి. పొద్దున లేవంగానే మంచిది. రెండు నిమిషాలతో మొదలుపెట్టండి. బూట్లు విప్పి, వట్టి కాళ్లతో.

అక్కకు ఫోన్ చేసింది పోయిన ఏడు. అంతా చెప్పాను, ఫోటో సంగతి, స్టోర్‌కీపర్ సంగతి, వాడు వస్తున్నప్పుడు కూడా నోరు మూసుకున్న సంగతి. ఏడుస్తదనుకున్నాను, తిడతదనుకున్నాను, ఎప్పుడో తెలుసురా అంటదని కూడా లోపల ఆశపడ్డాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"మరి ఆ ఇరవై గుంటలు వస్తయా?" అన్నది.

రావు. ఆ భూమి పక్క నుంచి ఇప్పుడు రోడ్డు పడ్డది. నేను ఏం చెప్పలేకపోయాను, అక్క ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి నెలకు రెండు వందల దిర్హాములు మేనల్లుని పేరు మీద పక్కకు పెడుతున్నాను. ఎన్నేండ్లు పెడితే ఆ భూమి ధర అవుతుందో ఒక రాత్రి కాగితం మీద లెక్క వేశాను. నా వీసా అన్నేండ్లు ఉండదు, నేనూ ఉండను. తెల్లారి డ్యూటీ దిగే ముందు బూట్లు విప్పి నిలబడ్డాను. మడమలు నేలకు ఆనినయి. ఆ నెల రెండు వందలు ఈ రోజు కట్టి వస్తాను అని చెప్పుకొని, ఎక్స్‌చేంజ్ లైనులోకి పోయాను.